పోలమ్మ టీచరు ఎగురుడు పట్ట

పోలమ్మ డ్రిల్ టీచరుగా మా బడికి వచ్చేసరికి అక్కడ ఆటలు ఆగిపోయి రెండేళ్ళు దాటింది. చేరిన రోజున హెడ్మాస్టరు నారాయణస్వామి సారు ఆమె చేతికి ఈల ఇవ్వలేదు, బెత్తం ఇచ్చాడు.

"డ్రిల్ పీరియడ్‌లో పిల్లోళ్లు గదిలోనే కుచ్చోవాల. పుస్తకం తెరిచి పెట్టుకోవాల. ఎవురూ లేవకుండా సూసుకుంటే సాలమ్మా" అన్నాడు.

ఆమె బెత్తం వంకా ఆయన వంకా చూసింది. "మరి నేను డ్రిల్ టీచర్ని కద సార్?"

"అందుకే ఆ పీరియడ్ నీకిచ్చినా" అన్నాడాయన.

ఇది రెండు వేల ఐదులో మాట. నల్లగుట్టపల్లె ప్రొద్దుటూరుకూ జమ్మలమడుగుకూ మధ్యన ఉంటుంది. నేను ఆ హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. పోలమ్మా నేనూ ప్రొద్దుటూరులో పక్కపక్క వీధుల్లో కాపురం. పొద్దున ఒకే బస్సెక్కి పోయి సాయంత్రం ఒకే బస్సులో తిరిగొచ్చేవాళ్ళం. బడిలో నోరు విప్పని మాటలన్నీ ఆమె బస్సులో నాతో చెప్పేది.

నల్లగుట్టపల్లెలో రెండు పార్టీలు. పైవీధి తిరుపాల్‌రెడ్డిది, కింది వీధి రామమునిరెడ్డిది. వాళ్ళ తాతల కాలంలో ఏదో గట్టు తగాదాతో మొదలైందంటారు. ఆ గట్టు ఎక్కడుందో ఇప్పుడెవరికీ తెలియదు. ఎన్నికలు వస్తే ఒకరు ఏ జెండా పడితే రెండోవారు దానికి ఎదురు జెండా పట్టేవారు. టీ అంగళ్ళు రెండు, మంగలి అంగళ్ళు రెండు, చివరికి బస్సు కోసం నిలబడే చోట్లు కూడా రెండు. బడి మాత్రం ఒకటే. అందుకే బడంటే అందరికీ లోపల భయం.

ఆ భయానికి కారణం కూడా ఉంది. పోలమ్మ రాకముందు ఒకసారి కబడ్డీ ఆడుతుంటే పైవీధి పిల్లవాడి కాలు కింది వీధి పిల్లలు పట్టి లాగారు. కబడ్డీలో కాలు పట్టి లాగక ఏం చేస్తారు? వాడి చొక్కా చినిగింది, మోచెయ్యి గీసుకుపోయింది. పొద్దు గూకేలోపల ఆ తగవు పెద్దవాళ్ళ చేతుల్లోకి పోయింది. కట్టెలు లేచాయి, రాళ్ళు లేచాయి, ఇద్దరు జమ్మలమడుగు ఆసుపత్రిలో పడ్డారు. ఊళ్ళో పోలీసులు గుడారం వేసుకుని ఉండిపోయారు. మర్నాడు నారాయణస్వామి సారు ఆట సామాన్ల గదికి తాళం వేశాడు. రిటైరయ్యేదాకా తాళం తీయనన్నాడు. ఆటస్థలంలో తుమ్మమొక్కలు లేచాయి.

తరగతిలో కూడా పిల్లలు వాళ్ళంతట వాళ్ళే విడిపోయి కూర్చునేవారు. ఎడమ బల్లలు పైవీధివి, కుడి బల్లలు కింది వీధివి. మేమెవరం చెప్పింది కాదు.

పోలమ్మది గండికోట దిక్కున గొర్రెల కాపరుల ఇల్లు. నాయన ఆదెన్న మంద తోలుకుని ఊరూరా తిరిగేవాడు. మంద వెంట పరిగెత్తడమే ఆమె చిన్నప్పటి ఆట. జమ్మలమడుగు బడికి పోయేటప్పుడు బస్సు వాళ్ళ మందల దగ్గర ఆగేది కాదు. ఆగని బస్సు కోసం కాచుకోవడం ఎందుకని పరిగెత్తి పోయేది. రోడ్డు మీద సైకిళ్ళను దాటుకుని పోతున్న పిల్లను చూసి అక్కడి డ్రిల్ మాస్టరు పట్టుకుపోయి పోటీల్లో నిలబెట్టాడు. కడపలో జిల్లా పోటీల్లో కప్పులు గెలిచింది. ఆ పరుగే ఆమెను చదివించింది, ఆ పరుగే ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఆమె భర్త చిన్నసుబ్బయ్య ప్రొద్దుటూరులో బట్టలంగట్లో పనిచేసేవాడు. నెమ్మదస్తుడు.

ఆమెకొక అన్న ఉన్నాడు. చదువు మానేసి, చెయ్యడానికి పని లేక, ఎవరో పెద్దాయన జీపు వెనక తిరిగాడు. నాటుబాంబు చేతిలోనే పేలి కుడిచేతి వేళ్ళు పోగొట్టుకున్నాడు. ఈ సంగతి ఆమె నాతో ఒక్కసారే చెప్పింది. బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

"మా అన్న బంగారట్లాటోడు పార్వతక్కా. కాళ్ళూ చేతులూ ఊరికే ఉండలేక చెడిపోయినాడు. ఈ పిల్లోళ్లను సూస్తే నాకు అదే గుర్తొస్తాది. ఎగరాల్సిన వయసులో కట్టేసి కుచ్చోబెట్టినాము."

ఊరు అట్లాంటిదని అన్నాను.

ఒక శనివారం సాయంత్రం ప్రొద్దుటూరు బస్టాండులో దిగి, టేప్‌రికార్డరు బాగుచేయించుకోవడానికి అమీర్ బాషా అంగడికి పోయాము. టీవీలు, టేప్‌రికార్డర్లు అమ్మే అంగడి. ముందర జనం మూగి ఉన్నారు. తొంగి చూస్తే, అమీర్ బాషా మనవరాలు ఒక ప్లాస్టిక్ పట్ట మీద నిలబడి ఎగురుతోంది. పట్ట మీద ముందొకటి, వెనకొకటి, ఎడమొకటి, కుడొకటి బాణం గుర్తులు. ఎదురుగా టీవీలో పాట వస్తోంది. కింది నుంచి బాణాలు పైకి పాకుతున్నాయి. టీవీలో బాణం పైకి చేరేసరికి ఆ పిల్ల పట్ట మీద అదే బాణాన్ని కాలితో తొక్కుతోంది. సరిగ్గా తొక్కితే టీవీ మెరుస్తోంది, తప్పితే గుర్రుమంటోంది.

"ఇదేందప్పా?" అంది పోలమ్మ.

"డ్యాన్స్ గేమ్ మేడమ్. చైనా సరుకు, మద్రాసు నుంచి తెప్పించినా. ఒక డబ్బాలో రెండు పట్టలొస్తాయి, ఇద్దరు పక్కపక్కన ఆడుకోవచ్చు. ఎక్కి సూడండి" అన్నాడు అమీర్ బాషా.

పోలమ్మ చెప్పులు విడిచి, కొంగు దోపుకుని ఎక్కింది. జిల్లాలో పరుగుకు పేరు మోసిన మనిషి కదా, ఇరగదీస్తుందనుకున్నాను. ఎడమ బాణం వస్తే కుడి తొక్కింది. కుడి వస్తే రెండు కాళ్ళూ ఎత్తింది. టీవీ గుర్రుమంటూనే ఉంది. బస్టాండు జనమంతా నవ్వారు. ఆమె కూడా నవ్వుతూ దిగింది. చెమట తుడుచుకుంటూ ఉన్నట్టుండి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, సూసినావా? దీంట్లో ఎవురూ ఎవుర్నీ పట్టుకోరు. ఎవురూ ఎవుర్నీ లాగరు."

అప్పటికప్పుడు కొనేసింది. ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని సోమవారం బస్సులో కూర్చుంది.

హెడ్మాస్టరు డబ్బా మీద ఎగురుతున్న పిల్లల బొమ్మ చూసి వెనక్కి జరిగాడు.

"వద్దమ్మా. ఏమన్నా ఐతే?"

"ఏమైతాది సార్? ఎవురి పట్ట మీద వాళ్లుంటారు. ఒకరి నీడ ఒకరి మీద పడదు."

"ఆట అంటేనే గెలుపోటములుంటాయి కదమ్మా."

"ఇది ఆట కాదు సార్. టీవీ ముందర చేసే డ్రిల్."

పాఠాలు చూపించడానికి సర్కారు ఇచ్చిన కలర్ టీవీ ఒకటి సైన్సు గదిలో దుప్పటి కప్పుకుని పడుంది. దానికీ ఒక పని దొరుకుతుందని సారు అనుకున్నాడేమో, "తలుపులు మూసి చేయించు" అన్నాడు.

మధ్యాహ్నం కరెంటు వచ్చే వేళకు తొమ్మిదో తరగతి పిల్లలను సైన్సు గదికి తెచ్చింది. రెండు పట్టలు పరిచింది. మిగిలిన పిల్లలందరి కోసం నేల మీద సుద్దతో గళ్ళు గీసి, గడికి నాలుగు బాణాలు వేసింది. ఇద్దరు పట్టల మీద ఆడుతుంటే తక్కినవాళ్ళంతా గళ్ళలో నిలబడి అవే అడుగులు వేయాలి. అందరికీ డ్రిల్ అవుతుంది.

పాట మొదలైంది. ఒక్కరూ కదల్లేదు. గోడకు ఆనుకుని నేల చూపులు చూస్తున్నారు. చివరికి తిరుపాల్‌రెడ్డి కూతురు మాధవీలత ముందుకొచ్చింది. పొడుగ్గా ఉంటుంది, ఎవరికీ బెదరదు. ఎడమ పట్ట ఎక్కింది. ఆ పిల్ల ఎక్కిందని కింది వీధి పిల్లలు మైమూన్‌ను తోశారు. మైమూన్ రామమునిరెడ్డి జీపు డ్రైవరు లాల్ బాషా కూతురు. సన్నగా, చురుగ్గా ఉంటుంది. కుడి పట్ట ఎక్కింది.

ఆ పాటేమిటో ఎవరికీ అర్థం కాలేదు. గిన్నెలన్నీ ఒకేసారి కిందపడ్డట్టుంది. మాధవి ఒక పక్కకు ఎగిరితే మైమూన్ ఇంకో పక్కకు ఎగిరింది. టీవీ ఇద్దరినీ గుర్రుమని కసిరింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత గదంతా పగలబడి నవ్వింది. నవ్వుతూనే గళ్ళలో కాళ్ళు లేచాయి. ఆ బడిలో చేరినప్పటి నుంచీ పిల్లలంతా ఒకేసారి నవ్వగా నేను వినలేదు. పక్క గదిలో అశోకుడి గురించి చెబుతున్నదాన్ని, పాఠం ఆపి వచ్చి కిటికీలోంచి చూశాను. నారాయణస్వామి సారు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. ముఖం గంభీరంగానే పెట్టుకున్నాడు గానీ చెప్పులో బొటనవేలు మాత్రం ఆడుతోంది.

నెల తిరిగేసరికి పిల్లలు దానికి 'ఎగురుడు పట్ట' అని పేరు పెట్టుకున్నారు. డ్రిల్ ఉన్న రోజు బడికి రానివాళ్ళు లేరు. పొద్దున బస్సు దిగి నడుస్తుంటే పైవీధిలోనూ కింది వీధిలోనూ ఇళ్ళ ముందర ముగ్గుపిండితో గీసిన బాణాలు కనిపించేవి. ఆడపిల్లలు ముగ్గు వేసి, పక్కనే నాలుగు బాణాలు గీసుకుని, నీళ్ళ బిందె దించి రెండు ఎగురులు ఎగిరి లోపలికి పోయేవారు.

అంతా బాగుందనుకునేలోపే పార్టీలు పట్ట మీదికి ఎక్కాయి.

ఎడమ పట్ట పైవీధిది, కుడి పట్ట కింది వీధిది అని ఎవరు నిర్ణయించారో తెలియదు. టీవీలో పాట అయిపోగానే ఇద్దరికీ మార్కులు పడతాయి. ఆ మార్కులు సాయంత్రానికి టీ అంగళ్ళకు చేరేవి. "ఈపొద్దు మనోళ్లు గెలిచినారంట" అని ఒక అంగట్లో చంకలు గుద్దుకుంటే రెండో అంగట్లో మొహాలు మాడేవి. వరసగా కొన్నాళ్ళు మాధవి గెలిచేసరికి కింది వీధిలో ఒక పుకారు లేచింది. ఎడమ పట్టకు బాణాలు నిదానంగా వస్తాయనీ, కుడి పట్టకు బిరబిరా వస్తాయనీ, పైవీధివాళ్ళు దాంట్లో ఏదో చేయించారనీ.

ఒక మధ్యాహ్నం బడి ముందర జీపు ఆగింది. రామమునిరెడ్డి దిగాడు, వెనకే లాల్ బాషా. నారాయణస్వామి సారు లేచి నిలబడి కుర్చీ తుడిచాడు. రామమునిరెడ్డి కూర్చోలేదు. నేరుగా సైన్సు గదికి వచ్చాడు.

"ఏందమ్మా పోలమ్మా, మిషన్లో మోసముందంటనే?"

"మిషన్‌కు మీ పార్టీలు తెలీవు రెడ్డన్నా. అనుమానముంటే నువ్వే ఎక్కి సూడు" అంది పోలమ్మ.

రామమునిరెడ్డి పట్టను చూశాడు, తన మోకాళ్ళను చూసుకున్నాడు. "నాకు మోకాలి నొప్పులు. లాల్ బాషా, నువ్వెక్కప్పా. ఆ ఎడమదాని మీద ఎక్కు. సంగతేందో తేలిపోవాల."

లాల్ బాషా ఆరడుగుల మనిషి. మీసాలు చూస్తే వీధిలో కుక్కలు పక్కకు తప్పుకునేవి. రామమునిరెడ్డి ఎక్కడికి పోయినా ముందు జీపు దిగి చుట్టూ చూసే మనిషి అతడే. అతడు చెప్పులు విడిచి, లుంగీ ఎగగట్టి, వీరుడు బరిలోకి దిగినట్టు ఎడమ పట్ట ఎక్కాడు. పక్కన కుడి పట్ట మీద అతని కూతురే నిలబడింది.

పాట మొదలైంది. లాల్ బాషా మొదటి బాణం తొక్కాడు. టీవీ మెరిసింది. మీసాల కింద నవ్వు మొలిచింది. రెండోది తొక్కాడు, మళ్ళీ మెరిసింది. ఇక ఆగలేదు. బల్లల మీద గాజుసీసాలు గలగలలాడాయి.

"అబ్బా, ఎడమ! ఎడమ!" అని మైమూన్ తన ఆట మరిచిపోయి అరిచింది.

"తెల్సు, నువ్వు గమ్మునుండు!"

"ఇప్పుడు వెనక! వెనక!"

పిల్లలంతా, పైవీధివాళ్ళు కూడా, చప్పట్లు కొట్టారు. పాట అయిపోవచ్చేసరికి నాలుగు బాణాలూ ఒకదాని వెంట ఒకటి పరిగెత్తుకొచ్చాయి. లాల్ బాషా గాల్లోకి లేచాడు. దిగినప్పుడు 'టప్' అని చప్పుడైంది. టీవీలో సగం తెర ఖాళీ అయిపోయింది. ఎడమ పట్టలో ప్రాణం లేదు. ఏ బాణం తొక్కినా పలకలేదు.

లాల్ బాషా పట్ట వైపు చూసుకుంటూ, "బలే ఉండింది కదప్పా" అన్నాడు దిగులుగా. రామమునిరెడ్డి అతన్ని రెక్క పట్టుకుని తీసుకుపోయాడు.

ఆ సంగతి పైవీధికి వేరేగా చేరింది. రామమునిరెడ్డి మనిషిని వెంటబెట్టుకుని బడిలోకి చొరబడి పైవీధి పిల్లల పట్టను తొక్కించి నాశనం చేశాడని. మర్నాడు పొద్దున మేము బస్సు దిగేసరికి బడి గేటు దగ్గర తిరుపాల్‌రెడ్డీ అతని మనుషులూ నిలబడి ఉన్నారు. రోడ్డుకు అవతల రామమునిరెడ్డి జీపు, దాని చుట్టూ ఇంకో గుంపు. హెడ్మాస్టరు గదిలో ఫోను ముందర కూర్చుని ఉన్నాడు. పోలీసులకు నంబరు తిప్పాలా వద్దా అన్నది తేలక, చేతిలో రిసీవరు అట్లాగే ఉంది.

పోలమ్మ బస్సు దిగిన దిగడం నేరుగా గేటు దగ్గరికి పోయింది.

"ఏమన్నా, ఇంత పొద్దున్నే వచ్చినారు?"

"నీతో కాదమ్మా మాకు పని. మా పిల్లోళ్ల పట్టను వాళ్లు చెడగొట్టినారు. మిగిలిన పట్ట మాకు రావాల. అంతే న్యాయం" అన్నాడు తిరుపాల్‌రెడ్డి.

రోడ్డవతల నుంచి రామమునిరెడ్డి కేక వేశాడు. "యాడిది న్యాయం? కుడి పట్ట మాది. దాన్ని ముట్టుకుంటే ఊరుకోము!"

పోలమ్మకు కోపం రావడం నేను అప్పుడే చూశాను. ఆమె గొంతు మంద తోలేవాళ్ళ గొంతు, ఈ గుట్ట నుంచి ఆ గుట్టకు వినిపిస్తుంది.

"ఏ పట్ట ఎవురిది? రెండూ నావి! నా దుడ్లు పెట్టి కొనుక్కొచ్చిన. మీ ఇండ్లల్లో పుట్టినాయా అవి? రాండి ఇద్దరూ లోపలికి. కట్టెలు ఆడనే పెట్టి రాండి. మీ పిల్లోళ్లు ఏం చేస్తాండారో ఒక్కసారన్నా కండ్లతో సూడండి."

ఒక డ్రిల్ టీచరు, అందులోనూ గొర్రెలవాళ్ళ ఆడమనిషి అట్లా పిలుస్తుందని ఇద్దరూ అనుకోలేదు. రానంటే భయపడ్డారనుకుంటారని ఒకరు కదిలారు. వారు కదిలారని రెండోవారు కదిలారు. సైన్సు గదిలో చెరొక గోడ పక్కన నిలబడ్డారు. తొమ్మిదో తరగతి పిల్లలు వచ్చి సుద్ద గళ్ళలో కూర్చున్నారు. మనుషులంతా కిటికీల దగ్గర మూగారు. అదృష్టం కొద్దీ ఆ పొద్దు కరెంటు ఉంది.

ఎవరూ ఏమీ అడగకముందే లాల్ బాషా ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు. "తొక్కింది నేనే తిరుపాల్‌రెడ్డీ. కావాలని కాదు. బరువు రెడ్డీ, బరువు."

ఎక్కడో ఎవరో నవ్వి, దగ్గుగా మార్చారు.

పోలమ్మ మిగిలిన ఒక్క పట్టా గది మధ్యలో పరిచింది. దాన్ని పరిచింది గానీ తర్వాత ఏం చేయాలో ఆమెకూ తెలియదని ఆ ముఖం చూస్తే నాకు అర్థమైంది. ఎవర్ని ఎక్కించినా తగవే. పైవీధి పిల్లను పిలిస్తే కింది వీధి లేస్తుంది, కింది వీధి పిల్లను పిలిస్తే పైవీధి లేస్తుంది.

అప్పుడు మాధవీలత లేచింది. తండ్రి వైపు చూడలేదు. "మైమూన్, ఇట్ల రా" అంది. "నువ్వు ఎడమ, వెనక సూసుకో. నేను కుడి, ముందర సూసుకుంటా."

మైమూన్ వాళ్ళ నాన్న ముఖం చూసింది. లాల్ బాషా తల ఊపాడు. ఇద్దరూ ఒకే పట్ట ఎక్కారు. ఇద్దరికి చాలేంత పట్ట కాదది. పడిపోకుండా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

పాట మొదలైంది. కాసేపు బాగానే నడిచింది. ఒకచోట ఇద్దరూ ఒకే బాణం కోసం కాలు వేసి గుద్దుకున్నారు. టీవీ గుర్రుమని పాట మధ్యలోనే ఆపేసింది.

"అయ్యయ్యో!" అన్నారు కిటికీల దగ్గర మనుషులు. అటు గుంపూ ఇటు గుంపూ ఒకేసారి అన్నారు.

"ఇంకోసారి పెట్టు మేడమ్" అన్నాడు తిరుపాల్‌రెడ్డి మనిషి ఒకడు.

"ఆ పిల్ల కాలు రొంత లోపలికి పెట్టుకోవాల" అని సలహా ఇచ్చాడు రామమునిరెడ్డి మనిషి.

మళ్ళీ పాట. ఈసారి ఆడపిల్లలిద్దరూ నోటితో చెప్పుకుంటూ ఆడారు. "నాది, నీది, నీది, నాది" అని ఒకరికొకరు అందించుకుంటూ, చేతులు వదలకుండా. గళ్ళలో ఉన్న పిల్లలు కూడా లేచి అడుగులు కలిపారు. మాధవి ఒకసారి జారబోతే మైమూన్ గట్టిగా లాగి నిలబెట్టింది. ఆఖరి బాణం ఇద్దరూ కలిసి తొక్కారు. టీవీ అంతా రంగులు మెరిసింది. గదిలోనూ బయటా చప్పట్లు మోగాయి. కొట్టిన తర్వాత ఎదుటి గుంపు కూడా కొడుతున్నదని చూసుకుని కొందరు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. కొందరు అట్లాగే కొడుతూ ఉండిపోయారు.

తిరుపాల్‌రెడ్డి గొంతు సవరించుకున్నాడు. "సరేగానీ, ఇప్పుడు ఎవురు గెలిచినట్టు?"

"పట్ట ఓడిపోయిందన్నా" అంది పోలమ్మ.

రామమునిరెడ్డికి ముందుగా నవ్వొచ్చింది. ఆయన నవ్వితే తిరుపాల్‌రెడ్డి నవ్వకూడదు కదా, మీసం దువ్వుకుంటూ కూతుర్ని చూశాడు. ఆ పిల్ల చెమటలు కారుతూ, ఆయాసపడుతూ, కళ్ళనిండా నవ్వుతో నిలబడి ఉంది. ఆయన కూడా ఇక ఆపుకోలేకపోయాడు. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, అంతదూరం పోలేదు. వచ్చినట్టే వేరువేరుగా వెళ్ళిపోయారు. కానీ కట్టెలు ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు నుంచి పోలమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. పట్టకు ఇద్దరు ఎక్కాలి, ఇద్దరూ ఒకే వీధివాళ్ళు కాకూడదు. అమీర్ బాషా చెడిపోయిన పట్టను విప్పి, లోపల తెగిన తీగను అతికించి ఇచ్చాడు. ఇక ఒకేసారి నలుగురు ఆడేవారు. ఎవరు గెలిచారని టీ అంగట్లో అడిగితే పిల్లలకు చెప్పడానికి కుదిరేది కాదు. అడిగి అడిగి పెద్దవాళ్ళు విసుగుపుట్టి మానుకున్నారు.

మరుసటి ఏడు పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. తిరుపాల్‌రెడ్డి భార్య వనజమ్మ సర్పంచి పదవికి నిలబడింది. బడికి కొత్త పట్టలు కొనిస్తామని ముందుగా పైవీధి నుంచి కబురొచ్చింది. గంట తిరక్కముందే కింది వీధి నుంచి అంతకన్నా పెద్ద పట్టలిస్తామని కబురొచ్చింది. ఇద్దరిదీ ఒకటే కోరిక, పట్టల మీద తమ పేరు పెద్ద అక్షరాలతో ఉండాలని.

పోలమ్మ ఇద్దరికీ ఒకే జవాబు పంపింది. "మీ పేర్లు రాపిస్తే మాకేం అడ్డం లేదు. కానీ దినామూ పిల్లోళ్లు వాటి మీదనే ఎక్కి తొక్కుతారు. మీ ఇష్టం."

పట్టలు వచ్చాయి. పేర్లు లేకుండానే వచ్చాయి.

ఆ ఎన్నికల్లో గొడవలు జరగలేదని చెబితే అబద్ధమవుతుంది. పోలింగు రోజు రాళ్ళు పడ్డాయి, బడికి కొన్నాళ్ళు సెలవులిచ్చారు. ఊరు మారిపోయిందని నేను అనను. కానీ బడి తెరిచిన రోజు పిల్లలు ఎవరి బల్లల మీద వాళ్ళు కూర్చోకుండా, తమ జోడీ ఎక్కడుంటే అక్కడ కూర్చున్నారు. కొన్నాళ్ళకు నారాయణస్వామి సారే ఆట సామాన్ల గది తాళంచెవి తెచ్చి పోలమ్మ చేతిలో పెట్టాడు. తుమ్మమొక్కలు పీకడానికి రెండు వీధుల పిల్లలూ గొడ్డళ్ళు తెచ్చుకున్నారు. గొడ్డళ్ళు చూసి సారుకు మళ్ళీ గుండె జారింది గానీ, అవి మొక్కల మీదనే పడ్డాయి. ఆ చలికాలం జమ్మలమడుగులో జరిగిన పోటీలకు మా బడి కబడ్డీ జట్టు పోయింది. మొదటి ఆటలోనే ఓడిపోయి వచ్చింది. పిల్లలు బస్సులో పాటలు పాడుకుంటూ వచ్చారు.

మాధవీలత తర్వాత ఇంజనీరింగ్ చదివింది. మైమూన్ వ్యాయామ విద్య చదివి ఇప్పుడు చాపాడు దగ్గర ఒక బడిలో డ్రిల్ టీచరు. పోలమ్మకు మాత్రం ఆ ఆట ఎప్పటికీ రాలేదు. పిల్లలు ఎన్నిసార్లు నేర్పించినా ఎడమ వస్తే కుడి తొక్కేది. "నాకు ముందరికి పరిగెత్తేదొక్కటే తెల్సు" అని నవ్వేది.

నాలుగేళ్ళకు ఆమెకు పులివెందుల దిక్కున వేంపల్లెకు బదిలీ అయింది. సామాన్లు తరలించే రోజు పొద్దున్నే ప్రొద్దుటూరులో వాళ్ళ వీధి మొదట్లో ట్రాక్టరు వచ్చి నిలబడింది. మేడమ్ సామాన్లు తిరుపాల్‌రెడ్డి బండిలోనే పోవాలన్నాడు డ్రైవరు. ఆ మాట అయిందో లేదో రామమునిరెడ్డి జీపు వచ్చింది. లాల్ బాషా దిగి, మేడమ్ సామాన్లు జీపులోనే పోవాలన్నాడు. ఇద్దరూ వాకిట్లో నిలబడి నువ్వా నేనా అనుకుంటుంటే చిన్నసుబ్బయ్య బిక్కమొహం వేశాడు.

"గమ్మునుండండి ఇద్దరూ" అంది పోలమ్మ. మంచాలు, బీరువా, గ్యాసు పొయ్యి ట్రాక్టరుకు ఎక్కించింది. బట్టల మూటలు, గిన్నెలు, సిలిండరు జీపులో పెట్టించింది. తను మాత్రం భర్తనూ పిల్లలనూ తీసుకుని బస్సెక్కింది. సాగనంపడానికి నేనూ వాళ్ళతోనే పోయాను.

మేము వేంపల్లెలో దిగి ఇల్లు చేరేసరికి జీపు ముందే వచ్చి ఉంది. లాల్ బాషా అరుగు మీద కూర్చుని మీసాలు ఎండబెట్టుకుంటున్నాడు. టీ అడిగాడు.

"సిలిండరు నీ దగ్గరుంది, పొయ్యి ఆయన దగ్గరుంది. ఆయనొస్తే గానీ టీ ల్యా" అంది పోలమ్మ.

లాల్ బాషా ఆమె వంక కాసేపు చూసి, పకపకా నవ్వి, వీధి చివరికి పోయి ట్రాక్టరు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. అది కనపడగానే చేతులు రెండూ ఊపుతూ, "ఓరప్పా, బిరీన రా! ఈడ టీ ఆగిపోయింది!" అని కేక వేశాడు. ఇద్దరూ కలిసి పొయ్యి దించారు, ఇద్దరూ కలిసి సిలిండరు బిగించారు. గిన్నెల మూట ఎక్కడుందో వెతకడానికి కాస్త ఆలస్యమైంది. ఆ టీలో చక్కెర ఎక్కువైందని ట్రాక్టరు డ్రైవరు అన్నాడు. తనకు తక్కువైందన్నాడు లాల్ బాషా. పోలమ్మ ఇద్దరి గ్లాసులూ తీసుకుని ఒకదాంట్లోది ఒకదాంట్లో కలిపి మళ్ళీ చేతికిచ్చింది.